కాగితం చుట్టిన కరెంటు: నూరేళ్ల కిందట కేబుల్ తొడుగు కోసం సాగిన పోటీ

హుద్‌హుద్ తుపాను దెబ్బకు విశాఖపట్నంలో స్తంభాలు కూలాక, అక్కడ చాలాచోట్ల కరెంటు తీగలను భూమి కిందికి దించారు. హైదరాబాదుకు కూడా అలాగే చేయాలన్న ప్రతిపాదన తరచూ వార్తల్లోకి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఒక సందేహమూ వెంట వస్తుంది. స్తంభాల మీద ఉన్న తీగనే గోతిలో పూడిస్తే సరిపోదా? ఖర్చు ఇన్ని రెట్లు ఎందుకు పెరుగుతుంది?

పెద్ద కారణం రాగిలోనో అల్యూమినియంలోనో లేదు, దాని మీది తొడుగులో ఉంది. స్తంభాల మీది తీగకు చుట్టూ ఉన్న గాలే తొడుగు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్లు కరెంటు నడిచింది తొడుగు లేని తీగల మీదే. గాలికి పైసా ఖర్చు లేదు, చిల్లు పడినా దానంతటదే పూడుకుంటుంది. అదే తీగ మట్టిలోకో సముద్రంలోకో దిగితే చుట్టూ తడి. అక్కడ గాలి చేసే పనిని మరేదో చేయాలి, అదీ 30, 40 ఏళ్లపాటు, మనిషి చేయి తగలని చోట.

ఇవాళ ఆ పని ప్లాస్టిక్ చేస్తోంది. ప్లాస్టిక్ లేని కాలంలో, అంటే సుమారు 1890 నుంచి 1930 దాకా, ఇంజినీర్ల చేతిలో ఉన్నవి చెట్ల పాలు, తారు, మైనం, అవిసె నూనె, గుగ్గిలం, పాత తాళ్ల నారతో చేసిన కాగితం. పచారీ దుకాణం జాబితాలా ఉన్న ఈ సరుకుల్లో భారీ వోల్టేజీ పందెం గెలిచింది కాగితం. చుక్క నీటికే పాడయ్యే వస్తువు గెలవడం వింతే. ఆ వింత అర్థం కావాలంటే తొడుగు నుంచి అసలు ఏం కోరుకుంటారో ముందు చూడాలి.

## తొడుగుకు పెట్టే నాలుగు పరీక్షలు

విద్యుత్తును తనగుండా పోనివ్వని పదార్థం విద్యుత్ బంధకం. ఈ "పోనివ్వని" అన్న మాటలో నాలుగు వేర్వేరు గుణాలు దాగి ఉన్నాయి. అప్పటి వాదాల్లో చాలా భాగం ఈ నాలుగూ ఒకే పదార్థంలో దొరకకపోవడం వల్ల పుట్టినవే.

మొదటిది లీకేజీ. ఎంత మంచి బంధకమైనా రవ్వంత కరెంటును జారవిడుస్తుంది. గజం పొడవులో అది లెక్కలోకి రాదు, వెయ్యి మైళ్ల కేబుల్‌లో వస్తుంది. చెమ్మ చేరితే మరీను. రెండోది వోల్టేజీని తట్టుకునే సత్తువ, అంటే మిల్లీమీటరు మందానికి ఎన్ని వోల్టుల దాకా చిల్లు పడకుండా నిలుస్తుందన్నది. లీకేజీ తక్కువగా ఉన్న పదార్థానికి సత్తువ ఎక్కువ ఉండి తీరాలనేమీ లేదు.

మూడోది కెపాసిటీ, చదువుకున్నవారు కూడా తడబడేది ఇక్కడే. లోపల తీగ, బయట సముద్రమో సీసమో, మధ్యలో బంధకం: ఈ అమరికే ఒక కెపాసిటర్. మెత్తటి రబ్బరు గొట్టంతో తోటకు నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం ఉబ్బి నిండాకే అవతలి కొసన ధార సరిగా వస్తుంది. కేబుల్ కూడా అంతే, ముందు తాను విద్యుదావేశంతో నిండాలి. టెలిగ్రాఫులో దీనివల్ల చుక్కలూ గీతలూ ఒకదాని మీదికి ఒకటి జారి అలుక్కుపోతాయి. టెలిఫోనులో మాట మసకబారుతుంది. ఇళ్లకు దీపం కరెంటు ఇచ్చే చిన్న కేబుల్‌కు మాత్రం ఈ బెడద దాదాపు లేదు.

నాలుగోది వేడినీ వయసునూ ఓర్చుకోవడం. ప్రయోగశాలలో కనబడదు, పదేళ్ల తర్వాత కనబడుతుంది.

## సముద్రం అడుగున గట్టా పెర్చాదే రాజ్యం

మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లోని ఒక రకం చెట్ల పాలు గడ్డకడితే వచ్చేది గట్టా పెర్చా. మన ఇప్ప, సపోటా చెట్ల కుటుంబానికి చెందినదే ఆ చెట్టు. రూట్ కెనాల్ చేయించుకున్నవారి పంట్లో ఇవాళ్టికీ దంతవైద్యులు నింపేది ఇదే పదార్థం. వేడినీళ్లలో మెత్తబడి చెప్పిన ఆకారానికి ఒదుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. సింగపూర్ నుంచి విలియం మాంట్‌గోమరీ అనే వైద్యుడు 1843లో దీని నమూనాలను లండన్ పంపాడు. 1848లో మైకేల్ ఫారడే దీని బంధక గుణాన్ని లోకం దృష్టికి తెచ్చాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా సముద్రగర్భ టెలిగ్రాఫు అంటే ప్రధానంగా గట్టా పెర్చానే. 1870-71లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్ దాకా వేసిన కేబుల్ కూడా ఆ కోవలోదే.

సముద్రం అడుగున చలి, చీకటి, నాలుగువైపులా ఉప్పునీరు. గట్టా పెర్చాకు ఈ మూడూ సరిపడతాయి. గాలి, ఎండ తగిలితే మాత్రం అది ఆక్సిజన్‌తో కలిసి పెళుసెక్కి రాలిపోతుంది. దాదాపు 60 డిగ్రీల వేడికే బాగా మెత్తబడుతుంది, అంతకు తక్కువ వేడిలోనూ లోపలి రాగి తీగ తన బరువుకు మెల్లగా ఓ పక్కకు దిగిపోతుంది. అందుకే దీపాల కరెంటు మోసే తీగలకు ఇది ఎన్నడూ సరిగా పనికిరాలేదు.

ఎంత గట్టా పెర్చా కావాల్సి వచ్చిందో ఒక లెక్క వేసి చూద్దాం. 1858 నాటి అట్లాంటిక్ కేబుల్‌లో ఒక నాటికల్ మైలుకు 107 పౌన్ల రాగి, 261 పౌన్ల గట్టా పెర్చా వాడారు. అంటే తొడుగు బరువు తీగ బరువుకు రెండింతలకు పైనే. సుమారు 2,500 నాటికల్ మైళ్లకు అది 295 టన్నుల చిల్లర అవుతుంది. చెట్టుకు సగటున 300 గ్రాములు దక్కుతుందన్న అంచనాను తీసుకుంటే ఒక్క కేబుల్‌కు పది లక్షల చెట్లకు దగ్గరగా కావాలి. రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు ధారగా కారతాయి. గట్టా పెర్చా పాలు గాటు దగ్గరే త్వరగా గడ్డకడతాయి. అందుకని సేకరించేవారు చెట్టునే నరికి, మాను పొడవునా గాట్లు పెట్టి గోకి తీసేవారు.

దీన్ని ఆనాటి సామ్రాజ్యాలు చేసిన పర్యావరణ విధ్వంసంగా చూసే చరిత్రకారులు ఉన్నారు. గోల్ఫ్ బంతుల దగ్గరనుంచి గొట్టాల దాకా మరెన్నో వస్తువులకు ఈ సరుకు పోయిందని, తప్పంతా కేబుళ్ల మీద వేయడం సబబు కాదని అనేవారికీ ఆధారాలు లేకపోలేదు. కానీ గోల్ఫ్ బంతికి ప్రత్యామ్నాయం దొరికింది, కేబుల్‌కు దొరకలేదు. డచ్చివారు 1885లో జావాలోని చిపెతిర్ దగ్గర తోట వేయడం మొదలుపెట్టారు, చెట్టును కూల్చకుండా ఆకుల నుంచి సరుకు తీసే పద్ధతులూ వచ్చాయి. అప్పటికి చాలా అడవుల్లో పెద్ద చెట్లు మిగల్లేదు. ఇంత తెలిశాక, కేబుల్ కంపెనీలు అడవి సంగతి పట్టించుకున్నది సరుకు ధర పెరిగాకేనని నాకు అనిపిస్తుంది.

## రబ్బరు: గోడల మీదికి ఎక్కిన తీగ

పచ్చి రబ్బరు ఎండకు జిగటెక్కుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. గంధకం కలిపి కాచితే ఈ రెండు జబ్బులూ చాలావరకు పోతాయి. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, ఇంగ్లండ్‌లో థామస్ హాన్‌కాక్ 1840ల మొదట్లోనే ఈ సంగతి తేల్చారు. దీన్నే వల్కనైజ్ చేయడం అంటారు. అయితే కేబుల్ వాళ్లకు కొత్త చిక్కు వచ్చిపడింది. గంధకం రాగిని తింటుంది, తీగ నల్లబడుతుంది. రాగి కూడా ఊరుకోకుండా రబ్బరు త్వరగా పాడయ్యేలా చేస్తుంది.

ఆనాటి రబ్బరు తీగ ముక్కను అడ్డంగా కోసి చూస్తే ఈ కథంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది. రాగి ఎర్రగా ఉండదు, తగరం పూతతో తెల్లగా ఉంటుంది. దాని మీద గంధకం లేని పచ్చి రబ్బరు పలుచటి పొర, ఆ పైన వల్కనైజ్ చేసిన రబ్బరు రెండు వరసలు, ఆ పైన రబ్బరు పట్టించిన నూలు పట్టీ, అన్నింటి మీద జడలా అల్లిన నూలు, దానికి మైనం లాంటి పూత. రాగి మీది తగరం విద్యుత్తు కోసం కాదు, గంధకాన్ని రాగి దగ్గరికి రానివ్వకుండా ఉంచడానికి. మన దగ్గరా పాత ఇళ్లలో టేకు పట్టీల మీద నడిచిన తీగలు, ఐటీఐ పుస్తకాల్లో "సీటీఎస్ వైరింగ్" పేరుతో చదువుకున్నవి ఈ వంశానివే.

రబ్బరుకు సీసపు తొడుగు అక్కర్లేదు, వంచితే వంగుతుంది, మామూలు వైర్‌మ్యాన్ కత్తితో గీకి జాయింట్ వేసుకోగలడు. దాని పక్షాన వాదించినవారి బలం ఇదే. బలహీనత వేడి. రబ్బరు 60 డిగ్రీల దాకానే భద్రం అనుకుందాం. గది వేడిమి 15 డిగ్రీలున్న లండన్‌లో తీగ 45 డిగ్రీలు అదనంగా వేడెక్కవచ్చు. ఏప్రిల్ నెలలో 45 డిగ్రీలుండే ఊళ్లో, ఇంటి కప్పు కింద, మిగిలేది 15 డిగ్రీలే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేడికి అవకాశం మూడో వంతుకు తగ్గితే కరెంటు సుమారు 58 శాతానికి దిగాలి. లండన్‌లో 10 ఆంపియర్లు మోసిన తీగ మీద ఇక్కడ ఆరుకు మించి పెట్టకూడదు. పెడితే వెంటనే ఏమీ కాదు. రబ్బరు ఏడాదికేడాది గట్టిపడి, ఒకనాడు ఎవరో స్విచ్చి విప్పి తీగను కదిపినప్పుడు పెంకులా పగులుతుంది.

ధర మరో తలనొప్పి. 1910లో లండన్ బజారులో పౌను రబ్బరు 12 షిల్లింగులు దాటింది. హెన్రీ విక్‌హామ్ 1876లో బ్రెజిల్ నుంచి తెచ్చిన విత్తనాల సంతతి అయిన ఆసియా తోటలు పూర్తిగా కాపుకొచ్చాక, 1921 నాటికి అదే రబ్బరు షిల్లింగు కిందికి పడిపోయింది. ఇలా ఎగిరి దూకే సరుకు మీద ఊరంతటికీ పరిచే కేబుల్ ఖర్చు లెక్కకట్టడం ఏ కంపెనీకీ ఇష్టం లేదు. ఆ ధర వెనక కాంగోలో, అమెజాన్ పరీవాహకంలోని పుటుమయోలో కూలీలు పడ్డ నరకం ఆ కాలంలోనే బయటపడింది.

## తారుతో కొన్నాళ్లు

1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ కోసం ఎడిసన్ వేసినవి ఇనుప గొట్టాలు. లోపల అరచంద్రాకారపు రాగి కడ్డీలు, వాటికి తాళ్లు చుట్టి, ఖాళీ అంతా తారు కలిసిన ద్రావణంతో నింపారు. ఇంగ్లండ్‌లో కాలెండర్ కంపెనీ తారునే వల్కనైజ్ చేసి తీగకు తొడిగింది. చవక, నీటికి లొంగదు. కానీ ఎక్కువ కరెంటు నడిచి తీగ వేడెక్కితే తారు మెత్తబడి రాగి అడుగుకు దిగిపోయేది. తక్కువ వోల్టేజీకి పనికొచ్చింది, అంతకు మించి ఎదగలేదు.

## కాగితం ఎలా నెగ్గింది

ఊరవతల ఒకే పెద్ద కేంద్రంలో కరెంటు పుట్టించి నగరంలోకి భారీ వోల్టేజీతో పంపాలని పట్టుబట్టినవాడు సెబాస్టియన్ డి ఫెరాంటి. లండన్ శివారు డెట్‌ఫర్డ్ నుంచి 10,000 వోల్టులు పంపుతానన్నాడు. అప్పటికి నగరాల్లో నడుస్తున్నది రెండువేల పైచిలుకే. ఆ వోల్టేజీకి కొన్న కేబుళ్లు నిలవలేదు. దాంతో తానే తయారుచేశాడు. ఒక రాగి గొట్టం, దాని మీద మైనంలో నానబెట్టిన గోధుమరంగు కాగితం చుట్లు, ఆ పైన మరో రాగి గొట్టం. ఒక్కో ముక్క 20 అడుగులు, అంటే మైలుకు 264 జాయింట్లు. ఇది భద్రమేనని నమ్మించడానికి కరెంటు నడుస్తున్న కేబుల్‌లోకి ఉలి దించి చూపించారు, ఆ ఉలిని చేత్తో పట్టుకున్నది అతని సహాయకుడు. 1891 నుంచి నడిచిన ఈ కేబుళ్లలో కొన్ని 1930ల దాకా పనిచేశాయి.

ఇంగ్లండ్‌లోని ప్రెస్కట్‌లో అదే కాలంలో మొదలైన కర్మాగారం కాగితం కేబుల్‌ను వంగే రూపంలోకి తెచ్చింది. మనీలా నారతో (అరటి జాతి మొక్క నార) చేసిన గట్టి కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, రాగి తీగ మీద ఏటవాలుగా చుట్టేవారు. పట్టీ అంచుకూ అంచుకూ మధ్య వెంట్రుకవాసి సందు వదిలేవారు, కేబుల్ వంగినప్పుడు కాగితం ముడతపడకుండా జరగడానికి. పై వరస ఆ సందును కప్పుతుంది. ఇలా పదుల వరసలు. తర్వాత గాలి తోడేసిన పెద్ద పాత్రలో వేడిచేసి చెమ్మంతా లాగేసి, గాలి తిరిగి తగలనివ్వకుండానే ఖనిజ నూనె, గుగ్గిలం కలిపిన చిక్కటి ద్రవం పట్టించేవారు. చివరికి కేబుల్ చుట్టూ సీసాన్ని అతుకు లేని గొట్టంలా పోతపోసే యంత్రం.

ఇప్పుడు ఆ వింతకు సమాధానం దొరుకుతుంది. వోల్టేజీని ఆపుతున్నది ఒంటరి కాగితం కాదు. నూనె ఆపుతోంది, ఆ నూనెను కదలకుండా పట్టి ఉంచుతున్నది కాగితం, ఆ ఇద్దరికీ నీటి నుంచి కాపలా సీసం. పైగా పదుల వరసల్లో ఒక కాగితంలో లోపమున్నా, దాని కిందా మీదా ఉన్న వరసల్లో అదే చోట లోపం ఉండే అవకాశం బహు తక్కువ. రబ్బరులో ఒకే చోట మట్టి రేణువు పడితే అక్కడే చిల్లు. వేడికీ కాగితమే మెరుగు, ధరకూ అంతే.

ఎదుటి పక్షం మాటలోనూ పస ఉంది. సీసానికి సూదిమొన అంత రంధ్రం పడితే మొత్తం పోతుంది. ట్రాము పట్టాల నుంచి మట్టిలోకి జారిన కరెంటు సీసాన్ని తినేసిన ఉదంతాలు నగరాల్లో మామూలు. ఇక జాయింట్ వేయడం చేయితిరిగినవాడి పని. అతను ముందు ఒక కాగితం పట్టీని తుంచి, బాగా కాగిన నూనెలో ముంచేవాడు. చిటపటమని నురుగొస్తే చెమ్మ ఉన్నట్టు. అప్పుడు కేబుల్‌ను ఇంకాస్త కోసి మళ్లీ పరీక్ష. అరచేతి చెమట కాగితానికి తగిలినా దోషమే. ఇవన్నీ ఒప్పుకుంటూనే, మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఐరోపా నగరాల్లో ప్రధాన కేబుల్‌గా కాగితం స్థిరపడింది. ఏటవాలుగా, నిలువుగా సాగే చోట్ల మాత్రం నూనె కిందికి దిగి పైభాగం ఎండిపోయేది. అక్కడ అవిసె నూనె వార్నిష్ పట్టించిన నూలు గుడ్డ చుట్టేవారు, అమెరికాలో దీనికి గిరాకీ ఎక్కువ.

## టెలిఫోనుకు గాలి కావాలి, కరెంటుకు గాలి పడదు

టెలిఫోను తీగకూ కాగితమే చుట్టారు, కానీ నూనె పట్టించలేదు, గట్టిగా బిగించనూ లేదు. వదులుగా చుట్టి, కాగితం మధ్య గాలి నిలిచేలా చేశారు. కెపాసిటీని నిర్ణయించే గుణకం గాలికి 1, గట్టా పెర్చాకూ నూనె పట్టిన కాగితానికీ 3 నుంచి 4. గాలి ఎంత ఎక్కువుంటే మాట అంత స్పష్టం. వందల జతల తీగలు ఒకే సీసపు గొట్టంలో ఇమిడాయి. అక్కడ వోల్టేజీ తక్కువ కాబట్టి గాలి వల్ల ముప్పు లేదు.

కరెంటు కేబుల్‌లో అదే గాలి ఏం చేస్తుందో లెక్కలో చూడవచ్చు. తీగ వ్యాసార్ధం 5 మిల్లీమీటర్లు, కాగితం మందం 5 మిల్లీమీటర్లు, వోల్టేజీ 10,000 అనుకుందాం. సగటున మిల్లీమీటరుకు 2,000 వోల్టులు. కానీ ఈ వోల్టేజీ ఒత్తిడి సమంగా పంచుకోబడదు, తీగను ఆనుకున్న చోట మిల్లీమీటరుకు సుమారు 2,900, సీసం దగ్గర 1,450. మందాన్ని రెట్టింపు చేస్తే తీగ దగ్గర 1,800కు దిగుతుంది, సగానికి కాదు. వాడే కాగితం మాత్రం 2.7 రెట్లవుతుంది. మందం పెంచి వోల్టేజీని జయించవచ్చన్న ఆశ ఇక్కడే నీరుగారుతుంది.

ఇప్పుడు తీగ పక్కన కాగితాల మధ్య పలుచటి గాలి సందు మిగిలిందనుకుందాం. నూనె పట్టిన కాగితం గుణకం 3.5 అయితే, ఆ సందులోని గాలి మీద ఒత్తిడి అన్ని రెట్లు: 2,900ను 3.5తో గుణిస్తే మిల్లీమీటరుకు పదివేల వోల్టులు. మామూలుగా గాలి తట్టుకునేది మూడువేలు. పలుచటి సందుల్లో ఇంకొంత ఎక్కువే ఓర్చుకున్నా, ఈ భారానికి నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. 50 హెర్ట్జ్ కరెంటులో రవ్వలు మొదలైతే సెకనుకు వందకు పైగా లేస్తాయి. కాగితం కొంచెం కొంచెంగా బొగ్గవుతుంది.

సందు ఎక్కడినుంచి వచ్చింది, కర్మాగారంలో గాలంతా తోడేశారు కదా? సాయంత్రం దీపాలు వెలిగినప్పుడు కేబుల్ వేడెక్కి నూనె ఉబ్బుతుంది, సీసం సాగుతుంది. రాత్రి చల్లారితే నూనె కుంచించుకుంటుంది, సీసం మాత్రం వెనక్కి రాదు. మిగిలిన చోటే ఆ ఖాళీ. రోజూ ఇదే తంతు. 11,000 వోల్టుల దాకా ఇది పెద్దగా బాధించలేదు, 33,000 దగ్గర కేబుళ్లు తరచూ పేలసాగాయి.

మూడు తీగల కేబుల్‌లో ఇంకో ఇబ్బంది, ఒత్తిడి కాగితాల మీదికి నిటారుగా కాక వాటి ఉపరితలం వెంబడి కూడా పాకుతుంది. జర్మన్ ఇంజినీరు మార్టిన్ హోచ్‌స్టాటర్ ఒక్కో తీగ మీది కాగితానికీ విడిగా లోహపు కాగితం చుట్టి దీన్ని సరిదిద్దాడు. ఖాళీల సంగతి తేల్చింది ఇటలీలో పిరెల్లి కంపెనీ ఇంజినీరు లూయిజీ ఎమనూయెలి. చిక్కటి ద్రవం బదులు పలుచటి నూనె, తీగ నడుమ నూనె పారే బోలు దారి, మధ్యమధ్య ఒత్తిడితో నూనె నిలవుంచే తొట్లు. కేబుల్ చల్లారి కుంచించుకుంటే తొట్టిలోంచి నూనె వచ్చి నింపుతుంది, ఖాళీ పుట్టే ప్రసక్తే లేదు. 1927లో న్యూయార్క్‌లోనూ షికాగోలోనూ 1,32,000 వోల్టులకు ఈ కేబుల్ వేశారు. నూనె తొట్లు, పంపులు, కాపలా కలిసి ఇది కేబులా, కర్మాగారమా అని ఎగతాళి చేయవచ్చు, కానీ ఆ వోల్టేజీలో నమ్మకంగా నిలిచింది అదే.

## ప్లాస్టిక్ వచ్చాక కాగితం పోయిందా

1920ల చివర్లో అమెరికాలో పీవీసీని మెత్తబరిచే దారి తెలిసింది, 1933లో ఇంగ్లండ్‌లో పాలిథిన్ పుట్టింది. మొదటిది ఇళ్లలో రబ్బరును, రెండోది సముద్రంలో గట్టా పెర్చాను పక్కకు నెట్టాయి. 1960ల నుంచి పాలిథిన్ అణువుల మధ్య అడ్డబంధాలు వేసి గట్టిపరచిన రకం, ఎక్స్‌ఎల్‌పీఈ, కాగితం స్థానంలోకి వచ్చింది. మన నగరాల్లో ఇప్పుడు కొత్తగా పూడుస్తున్నది ఎక్కువగా ఇదే.

ఈ మార్పు సాఫీగా జరిగిందనుకోకూడదు. తొలి తరం ప్లాస్టిక్ కేబుళ్లలోకి చెమ్మ చొరబడి, కొమ్మలు వేసిన చెట్టు ఆకారంలో పాకి, అనుకున్న వయసు రాకముందే చిల్లులు పెట్టింది. అదే మట్టిలో వాటికంటే పాత కాగితం కేబుళ్లు చెక్కుచెదరకుండా నడవడంతో, మన్నిక విషయంలో కాగితమే మేలనే ఇంజినీర్లు చాలాకాలం ఉన్నారు. ప్లాస్టిక్‌లో జాయింట్ సులువు, సీసం బెడద లేదు, నూనె కారి నేల పాడవదు అన్నది రెండోవారి వాదన. తయారీలో శుభ్రత పెరిగి, చెమ్మను అడ్డుకునే పొరలు చేరాక కొత్త పనుల్లో ప్లాస్టిక్‌దే పైచేయి అయింది.

పాత కాగితం కేబుల్ మధ్యలో పాడైన చోట ప్లాస్టిక్ కేబుల్ ముక్కను అతకడం మాత్రం నేటికీ విడి విద్యే. కాగితంలోని నూనె ప్లాస్టిక్ వైపు కారితే ఇటు కాగితం ఎండుతుంది, అటు ప్లాస్టిక్ పైనున్న పొరలు ఉబ్బుతాయి. అందుకని ట్రాన్సిషన్ జాయింట్ పేరుతో దొరికే సామగ్రిలో ముందుగా బిగించేది ఆ నూనెకు అడ్డుకట్టే.